ఇప్పటికి కనపడలేదు

దగ్గు మళ్లీ మొదలైంది. చలికాలం కదా అని సర్దిచెప్పుకున్నాను, కషాయం తాగాను, అల్లం నమిలాను. నన్ను నేను మభ్యపెట్టుకోవడం ఇక చేతగాక ఓ పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ పాత ల్యాబుకే పోయి తెమడ ఇచ్చి వచ్చాను. మర్నాడు సాయంత్రం రిపోర్టు కోసం వెళ్తే, నాకు ఏళ్లుగా తెలిసిన టెక్నీషియన్ కాగితం చేతికిస్తూ మిషన్‌లో నెగెటివే వచ్చిందని, బుగులు పడే పనేం లేదని అన్నాడు. తెమడలోని సూక్ష్మజీవుల్ని పెంచి చూసే కల్చర్ మాత్రం మామూలే, వారాలు పడుతుందన్నాడు.

నేను అలవాటుగా లోపలి అద్దాల గది వైపు చూశాను. మేడం కుర్చీ ఉంది. కుర్చీ వెనక వేలాడే నల్ల గొడుగు లేదు. ఏ కాలంలోనూ ఆ గొడుగు అక్కడ లేకుండా నేను చూడలేదు. మేడం సెలవు పెట్టారా అని అడిగాను.

“మేడం పోయిన్రు అక్కా,” అన్నాడతను. “బతుకమ్మ పండుగ ముంగట. పొద్దుగాల ల్యాబుకు బయలెల్లంగ గుండె ఆగింది.”

మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాను. మెట్రో పిల్లర్ నీడలో షేర్ ఆటోలు ఎల్బీనగర్, ఎల్బీనగర్ అని అరుస్తున్నాయి. కోచింగ్ పిల్లలు గుంపులుగా దాటుకుని పోతున్నారు. నేను అక్కడే నిలబడిపోయాను. ముందు భయం వేసింది, బాధ తర్వాత వచ్చింది. మనిషి పోతే భయం వేయడమేంటో చెప్పాలంటే, ఆ మనిషి ఎలాంటిదో చెప్పాలి.

ఆమె ఆ ల్యాబులో మైక్రోబయాలజిస్టు. రోగం తెచ్చే సూక్ష్మజీవుల సంగతి తేల్చి సంతకం పెట్టే మనిషి. పొట్టిగా, బక్కగా ఉండేవారు. కళ్లజోడు మెడలో దారానికి వేలాడేది, ఇంకో కళ్లజోడు సంచిలో ఉండేది. రెండు పెన్నులు, రెండు చేతిరుమాళ్లు. టిఫిన్ డబ్బాలో పెరుగన్నం, ఆ పెరుగు పులిస్తే ఎలా అని ఓ బిస్కెట్ ప్యాకెట్. ఏది అడిగినా ఒకటే జవాబు, “ఎందుకైనా మంచిది.” సొంతూరు గుంటూరు వైపు. చదువు అయ్యాక ఇటొచ్చి, ఎల్బీనగర్‌లో ఓ ఫ్లాటుకీ ఈ ల్యాబుకీ మధ్య బతుకంతా గడిపారు. ఇన్నేళ్లున్నా మా తెలంగాణ మాట ఆమెకు అంటలేదు.

సాయంత్రం ల్యాబు నుంచి బయలుదేరి మెట్రో మెట్లు సగం ఎక్కి మళ్లీ దిగి వచ్చేవారు. ఇన్‌క్యుబేటర్ తలుపు సరిగ్గా పడిందో లేదో చూసుకోవాలి. అది సూక్ష్మజీవులను పెంచే వెచ్చటి బీరువా. దాని తలుపు కాస్త తెరుచుకుని ఉన్నా లోపలున్న పరీక్షలన్నీ పాడవుతాయి. మెట్ల కింద గాజులమ్ముకునే ఆయన ఆమె దిగి రావడం చూసి, తలుపేనా మేడం అని నవ్వేవాడు. వెనక్కి రాని రోజు ఎల్బీనగర్‌లో రైలు దిగగానే ఫోన్ చేసేవారు. తలుపు వేశామని టెక్నీషియన్ చెప్తే ఊరుకునేవారు కాదు. మీరు చూశారా, ఎవరైనా చెప్తే నమ్మారా అని అడిగేవారు. అతను ఫోన్ చెవిన పెట్టుకునే లేచి వెళ్లి తలుపును ఓసారి నెట్టి చూసి రావాల్సిందే.

అన్నిటికంటే విచిత్రం, ఆమె నోట ‘లేదు’ అనే మాట వచ్చేది కాదు. రిపోర్టులో ఏం రాసినా సరే, మనిషి ఎదురుగా నిలబడి అడిగితే, “ఇప్పటికి కనపడలేదండి,” అనేవారు. ఓసారి నేను కౌంటర్ దగ్గరుండగానే ఓ పెద్దాయన గొడవకు దిగాడు. కోడలికి రోగం ఉన్నదా లేదా, రెండింట్ల ఒకటి చెప్పున్రి అని బల్ల మీద చరిచాడు. మేడం చేతులు కట్టుకుని ఆ మాటే మళ్లీ అన్నారు. ఆయన పోయాక, గట్టిగా చెప్పలేని ఆమెను ఎందుకు పెట్టుకున్నారో అని పక్కనున్నవాళ్లు గొణిగారు. నిజం చెప్పాలంటే అప్పట్లో నాకూ అలాగే అనిపించింది.

నేను మగ్గం వర్క్ చేస్తాను. మాది నల్లగొండ దిక్కు ఊరు. పెళ్లయ్యాక అల్మాస్‌గూడలో కిరాయికి ఉంటూ, దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ సందులో సెల్లారు తీసుకుని పెళ్లి జాకెట్ల మీద పూసలు, చమ్కీలు కుడతాను. మా ఆయన క్యాబ్ నడుపుతాడు. బీకాం చదివానన్న సంగతి మా ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఈ పనిలో డిగ్రీ అక్కర్లేదు, చూపూ వేళ్లూ ఉంటే చాలు.

కొన్నేళ్ల కిందట సాయంత్రం జ్వరాలు, దగ్గు మొదలై బరువు తగ్గిపోతుంటే ఛాతీ డాక్టరు టీబీ అనుమానించి ఈ ల్యాబుకు పంపారు. తెమడ డబ్బా ఇచ్చి వెళ్లిన గంటకే ఫోన్ వచ్చింది. మళ్లీ రమ్మన్నారు. పోతే, మేడం స్వయంగా బయటికొచ్చి నా డబ్బా చూపించారు. “ఇది ఉమ్మి అమ్మా, కళ్లె కాదు. దీన్ని పరీక్షిస్తే మీకు రోగం ఉన్నా కనపడదు. అది నాకు భయం.” నన్ను డాబా మీదికి తీసుకెళ్లి, గాలికి ఎదురుగా కాకుండా పక్కకు నిలబెట్టి, లోతుగా ఊపిరి పీల్చి ఎలా దగ్గాలో తనే మాస్కు వెనక నుంచి దగ్గి చూపించారు. పక్క డాబా మీద బట్టలారేసుకునే ఆమె మమ్మల్నిద్దరినీ చూసి గబగబా లోపలికి పోయింది.

ఈసారి డబ్బాలోది పనికొచ్చింది. దానికి తగ్గట్టే వార్త వచ్చింది. టీబీ ఉంది. అంతటితో ఆగితే బాగుండేది, దాని కింద ఇంకో ముక్క ఉంది. టీబీకి ముఖ్యమైన మందు నా ఒంట్లో ఉన్న టీబీ మీద పనిచేయదని మిషన్ చెప్పింది.

డాక్టరు మంచాయన, కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. వేరే మందులు ఉన్నాయి, బతుకుతావు, కానీ వాటిలో ఒకటి కొందరికి వేళ్లు మొద్దుబారేలా చేస్తుంది, చూపు కూడా మందగించవచ్చు, జాగ్రత్తగా చూసుకుంటూ ఇద్దాం అన్నారు. నేనేం పని చేస్తానో ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. ఆటోలో ఇంటికి వస్తూ దారి పొడుగునా చీర కొంగు అంచును వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నాను, స్పర్శ ఇప్పుడే పోతుందేమో అన్నట్టు. ఇంటి ఓనరుకు టైఫాయిడ్ అని చెప్పాం. మా ఆయన మటుకు నాతో ఏం మాట్లాడాలో తెలియక బండి కడగడం మొదలుపెట్టాడు, అప్పటికే కడిగిన బండిని.

మర్నాడు మేడం ఫోన్. ఏం పని చేస్తారని అడిగారు. చెప్పాను.  తర్వాత, ఏ మందు వాడాలో చెప్పేది డాక్టరేననీ, తాను చెప్పకూడదనీ ముందే అనేసి, తనకో అనుమానం ఉందన్నారు. ఆ మిషను బ్యాక్టీరియా జీన్‌లో ఒక చోటును ముక్కలు ముక్కలుగా తడిమి చూస్తుందట. మార్పు లేకుంటే అన్ని ముక్కలూ ఒకేసారి పలుకుతాయి. నా దాంట్లో ఒక ముక్క పలకకుండా పోలేదు, ఆలస్యంగా పలికింది. నాకు ఇంతకుముందు ఈ రోగం లేదు, ఇంట్లో ఎవరికీ లేదు, అలాంటప్పుడు మందు పనిచేయకపోవడం అరుదట. మార్పు ఉన్నా అది హాని లేని మార్పు కావచ్చు. పరీక్ష మళ్లీ చేశారు. అదే జవాబు వచ్చింది. రావడంలో వింత లేదనీ, ఉన్న మార్పు ఎన్నిసార్లు చూసినా ఉంటుందనీ ఆమే అన్నారు. ఇక మిగిలింది ఆ జీన్‌ను అక్షరం అక్షరం చదివించడం. దానికి పెద్ద ల్యాబుకు పంపాలి.

డాక్టరు గారితో ఏం మాట్లాడారో నాకు తెలియదు. ఆ రిపోర్టు వచ్చేదాకా మామూలు మందులే వేద్దామని ఆయన ఒప్పుకున్నారు. అంటే లెక్క ఇది: మేడం అనుమానం నిజమైతే నా వేళ్లు నాకు దక్కుతాయి. అబద్ధమైతే, పనిచేయని మందు మింగుతూ వారాల తరబడి ఆ రోగాన్ని నేనే బలిసేలా పెంచుకుంటాను.

ఆ వారాలు ఆమె నన్ను ఫోన్లతో వేపుకు తిన్నారు. జ్వరం వచ్చిందా, చెమటలు పట్టాయా, తూకం చూసుకున్నారా, మూత్రం నారింజరంగులో వస్తోందా. మందు ఒంటబట్టినట్టు గుర్తు అదేనట. గిరాకీ ముందు కూర్చుని ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు తల తీసేసినట్టుండేది. ఓ రోజు జ్వరం తగ్గలేదు, పని సాగలేదు, సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. నాకు ఓపిక తెగింది.

“మేడం, రోగం కన్నా మీ ఫోనే నన్ను ఎక్కువ సంపుతున్నది. మందు పని చేస్తదంటే చేస్తదని చెప్పున్రి. చెయ్యదంటే చెయ్యదని చెప్పున్రి. నడిమిట్ల ఎందుకు ఉరి పెడ్తున్రు?”

ఫోన్ పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు.

“తెలిస్తే చెప్పేదాన్నేనమ్మా,” అన్నారు. “నాకు తెలియదు. నాది తప్పయితే ఆ తప్పు మీ ఒంట్లో పెరుగుతుంది, నా ఒంట్లో కాదు. అందుకే ఫోన్ చేస్తున్నాను.”

 అంతవరకు నా భయాన్ని ఇంకొకరు ఇంతగా మోస్తున్నారని నాకు తట్టలేదు. తూకం చూసుకున్నానని, కొంచెం పెరిగానని చెప్పాను. రెండోసారి చూసుకోమన్నారు.

పెద్ద ల్యాబు రిపోర్టు వచ్చిన రోజు మధ్యాహ్నం ఆమే నా సెల్లారుకు వచ్చారు. మొదట సీలింగ్ ఫ్యాను గట్టిగా బిగించి ఉందో లేదో చూశారు. తర్వాత దాని కింద కాకుండా పక్కకు జరిగి మగ్గం చివర చాప మీద కూర్చుని గొడుగు ఒళ్లో పెట్టుకున్నారు. జీన్ అంటే ఓ పొడుగాటి రాత అనీ, ఆ రాతను వరుసగా చదువుకుంటూ ప్రోటీన్ తయారుచేసే పనివాడు ఆ బ్యాక్టీరియా లోపలే ఉంటాడనీ, వాడి పేరు రైబోజోమ్ అనీ చెప్పారు. నా మొహం చూసి నాకేమీ ఎక్కలేదని గ్రహించినట్టున్నారు. పూసల డబ్బాలు దగ్గరికి లాక్కున్నారు.

రెండు ఎర్రపూసలు, పక్కనే ఒక బంగారు పూస పెట్టారు. వాడు మూడేసి పూసలు చూసి ఒక్కో రేకు కుడతాడట, రేకులన్నీ కలిస్తే ప్రోటీన్ అనే పువ్వు. ఈ మూడు కనపడితే ఫలానా రేకు. తర్వాత బంగారు పూస తీసేసి అక్కడ తెల్లపూస పెట్టారు. ఈ మూడు కనపడినా వాడు కుట్టేది ఆ రేకే, వాడికి రెండూ ఒకటే అన్నారు.

“మిషను పూసల్ని చూస్తుందమ్మా, పువ్వుని చూడదు. పూస మారిందనగానే మందు పనిచేయదని రాసేస్తుంది. మందు వెళ్లి పట్టుకునేది మాత్రం పువ్వుని. మీ దాంట్లో పూస మారింది. పువ్వు మారలేదు.”

నా చేతిలో సూది ఉంది. దాన్ని జాకెట్టు గుడ్డకు గుచ్చి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాను. ఏడ్చాను. మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. అంతా అయి తిరిగి చూస్తే మేడం మొహంలో ఏ మార్పూ లేదు. ఆ తెల్లపూసనే చూస్తూ కూర్చున్నారు. ఖుషీ అయ్యే ముచ్చటే కదా, ఇంకా పరేషాన్ ఏంది మేడం అని అడిగాను.

పూస మారినా చాలాసార్లు ఏం కాదట. కానీ కొన్ని పూసల వరుసల్ని ఆ పనివాడు గబగబా చదువుతాడు, కొన్నింటి దగ్గర తడబడతాడు. కొన్నిసార్లు ఒక్క పూస మారినందుకు దారం తన మీద తనే మడత పడుతుంది. అది మొదట్లోనే జరిగితే పని మొదలుపెట్టడానికి వాడికి చోటు దొరకదు. పువ్వు అదే, కానీ తక్కువ పువ్వులు. లేదా అదే పువ్వు, నిదానంగా కుట్టడంతో వేరేగా ముడుచుకున్న పువ్వు. మార్పు చిన్నదని, పైకి కనపడదని, ఏమీ మారలేదనుకోవడానికి వీల్లేదట.

మా పనిలోనూ అంతేనని నేనన్నాను. మొదటి పూస దగ్గర దారం బిగిసి గుడ్డ ముడత పడిందంటే ఆ తర్వాత సూది దిగదు, డిజైన్ అదే అయినా పూటలో అయ్యే జాకెట్టు వారం పడుతుంది. ఆమెకు ధైర్యం చెబుదామనే అన్నాను. ఆమె కళ్లు పెద్దవి చేసి, నిజమే, అలా కూడా అవుతుంది కదా అని కొత్త భయంతో లేచారు. పువ్వు ఏదో ఈ కాగితం చెప్తుంది కానీ ఎన్ని కుడుతున్నాడో చెప్పదని గొణుక్కుంటూ చెప్పులేసుకున్నారు.

డాక్టరు గారు మాత్రం చాలనుకున్నారు. మామూలు మందులే కొనసాగించమన్నారు. మేడంకు చాలలేదు. నా తెమడలోంచి పెంచిన బ్యాక్టీరియాను రెండు గొట్టాల్లో వేశారు. ఒకదాంట్లో మందు లేదు, రెండోదాంట్లో ఉంది. మందు ఉన్న గొట్టంలో కూడా పెరిగిందంటే కాగితం ఏం చెప్పినా ఒట్టిదే. చెప్పాల్సింది ఆ బ్యాక్టీరియానే అన్నారు. మొదటి గొట్టంలో పెరిగింది. రెండోదాని కోసం ఎదురుచూశాం. మందులు మింగుతూ నేను, గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తూ ఆమె. గడువు తీరిన రోజు ఫోన్ చేశారు.

“రెండోదాంట్లో ఇప్పటికి కనపడలేదమ్మా.”

ఒక్కసారి లేదు అనండి మేడం అని బతిమాలాను. నవ్వారు. నేను విన్న ఆమె నవ్వు అదొక్కటే. ఆ మాట మటుకు అనలేదు. గడువయ్యాక పారేయాల్సిన ఆ గొట్టాన్ని ఆమె ఇంకా చాలా రోజులు ఇన్‌క్యుబేటర్‌లో ఓ మూలన ఉంచి చూశారని టెక్నీషియన్ తర్వాత చెప్పాడు. అందులో ఏమీ పెరగలేదు. నేను మందుల కోర్సు పూర్తిచేశాను, ఒళ్లు చేశాను, ఓనరుతో టైఫాయిడ్ తగ్గిందని చెప్పాను.

ఆ తర్వాత కూడా మేడం అప్పుడప్పుడు మెట్రోకు పోతూ మా సందులోకి వచ్చేవారు. జాకెట్టు కుట్టించుకోవడానికి కాదు, ఆమె ఒంటి మీద ఒక్క చమ్కీ కూడా నేను చూడలేదు. నన్ను కళ్లు మూసుకోమనేవారు. అరచేతిలో ఏదో పెట్టి ఏమిటో చెప్పమనేవారు. నున్నగా ఉంటే గుండుపూస అనేదాన్ని, పలకలు తగిలితే కట్ పూస అనేదాన్ని, ఇది చమ్కీ మేడం, అంచు విరిగింది అనేదాన్ని. వేళ్లు మొద్దుబార్చే ఆ మందు నేను అసలు మింగనే లేదు కదా, ఈ పరీక్ష ఎందుకని ఓసారి అడిగాను. అవునవును అని తలూపి, ఎందుకైనా మంచిదని ఇంకో పూస పెట్టారు.

ఇంత భయం మనిషిలో ఉండాలంటే వెనక ఏదో జరిగి ఉండాలని నేను అనుకునేదాన్ని. ఎవరికో తప్పు రిపోర్టు ఇచ్చి ఉంటారు, ఎవరో పోయి ఉంటారు అని. ఉండబట్టలేక అడిగేశాను కూడా. అలాంటిదేమీ లేదమ్మా, చిన్నప్పటి నుంచీ నేనింతే, మా అమ్మ నన్ను గడియ పిల్ల అని పిలిచేది, రోజూ తలుపు గడియ చూసొచ్చేదాన్ని అని అన్నారు. నాకు కొంచెం నిరాశ కలిగిన మాట నిజం. తర్వాత ఆలోచిస్తే అదే గొప్పగా తోచింది. ఏ దెబ్బా తగలకుండానే, ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసం ఆమె రోజూ భయపడ్డారు.

అందుకే ఆ రోజు మెట్లు దిగాక నాకు భయం వేసింది. నా రోగం గురించి భయపడే పని ఆమె చేస్తుండేవారు కాబట్టి ధైర్యంగా ఉండే పని నాకు మిగిలేది. ఇప్పుడు రెండు పనులూ నావే అయ్యాయి. చేతిలో నెగెటివ్ అనే కాగితం ఉంది. పక్కన నిలబడి, అయినా సరే, అనే మనిషి లేదు.

కల్చర్ కోసం ఆగిన ఈ వారాలన్నీ దగ్గుతూనే ఉన్నాను. జాకెట్టు మీద పడకుండా భుజంలోకి దగ్గుతాను. ఇంకేం పరేషాన్, నెగెటివ్ అని రాసిచ్చిన్రు కదా అంటాడు మా ఆయన. పూసలు చూస్తున్నారా, పువ్వు చూస్తున్నారా అని అడగాలనిపిస్తుంది, అడిగితే ఆయనకేం అర్థమవుతుంది. రాత్రి దాకా కూర్చున్నా రోజులో అయ్యే పని సగమే అవుతోంది. సూది దారిలోకి రావడం లేదు.

గడువు నిన్నటితో అయిపోయింది. ల్యాబు నుంచి ఫోన్ రాలేదు. మధ్యాహ్నం నేనే చేశాను. టెక్నీషియన్ ఎత్తి, జర ఆగు అక్కా అని ఫోన్ పక్కన పెట్టి వెళ్లాడు. ఇన్‌క్యుబేటర్ తలుపు తెరిచిన చప్పుడు వినపడింది. కొంచెంసేపటికి మూసిన చప్పుడు. మూసిన తలుపును మళ్లీ ఓసారి నెట్టి చూసిన చప్పుడు.

“ఇప్పటికి కనపడలే అక్కా,” అన్నాడు. “గడువైంది గని పారేస్తలేం. ఇంకొన్ని దినాలు ఉంచి చూస్తం. ఎందుకైనా మంచిది.”

లేదు అని అతను అనలేదు. నేను అనమనలేదు. ఫోన్ పెట్టేసి మగ్గం ముందుకు వచ్చి, కళ్లు మూసుకుని డబ్బాలోంచి ఒక పూస తీశాను. కట్ పూస. కళ్లు తెరిచి చూస్తే అదే. సూదికి ఎక్కించి పని మొదలుపెట్టాను.